ఎనభై కలిపి ఎనభై తీసేస్తే సున్నా కాదా?

పెళ్లి ఫొటో ఒకటి చీకటిగా వచ్చింది. ఫోన్లో ఎడిటింగ్ యాప్ తెరిచి బ్రైట్‌నెస్ బాగా పెంచి, సేవ్ చేసి, బంధువుల గ్రూపులో పెట్టారు. పెళ్లికూతురి ముఖం బాగానే వెలిగింది గానీ, పట్టుచీర జరీ అంచు ఉత్త తెల్లటి పట్టీ అయిపోయింది. "మరీ ఎక్కువైంది, కాస్త తగ్గించరా" అంది పిన్ని. సేవ్ చేసిన ఫొటోనే మళ్లీ తెరిచి, ఎంత పెంచారో సరిగ్గా అంతే తగ్గించారు. ఫొటో మొత్తం మసకబారింది. జరీలోని నేత మాత్రం తిరిగి రాలేదు. తెల్లటి పట్టీ కాస్తా బూడిదరంగు పట్టీ అయింది, అంతే.

ఎనభై కలిపి ఎనభై తీసేస్తే మొదట ఉన్నదే మిగలాలి. ప్రాథమిక పాఠశాలలో నేర్చుకున్న లెక్క అది. మరి ఫొటోలో ఎందుకు తప్పింది? తప్పింది లెక్క కాదు. యాప్ చేసింది మనం అనుకున్న లెక్క కాదు, దానికి కాస్త దగ్గరగా ఉండే వేరే లెక్క. ఆ తేడా ఏమిటో తెలిస్తే, హైస్కూల్ గణితంలో పిల్లలు మొక్కుబడిగా దాటేసే ఒక పెద్ద సంగతి అర్థమైనట్టే. ఏ పనిని వెనక్కి తిప్పగలం, దేన్ని తిప్పలేం అన్నదే ఆ సంగతి.

అంకెలకు రంగులద్దిన ఇంజనీర్లు

డిజిటల్ ఫొటో నిజానికి అంకెలు నింపిన గళ్ల పట్టిక. గడిని పిక్సెల్ అంటారు. నలుపు తెలుపు ఫొటో అయితే ఒక్కో గడిలో ఒక సంఖ్య ఉంటుంది. కటిక నలుపుకు 0, తెల్లని తెలుపుకు 255, మధ్యలో రకరకాల బూడిద ఛాయలు. ఒక్కో గడికి ఎనిమిది బిట్ల చోటు ఇవ్వడం రివాజు. ఆ చోటులో 256 వేర్వేరు సంఖ్యలే పడతాయి, అందుకే లెక్క 255 దగ్గర ఆగుతుంది. రంగు ఫొటోలో ఒక్కో గడికి ఇలాంటి సంఖ్యలు మూడుంటాయి: ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. ఇక్కడ నలుపు తెలుపుతోనే సరిపెట్టుకుందాం.

"ఫొటో అంటే అంకెలు" అంటే తరగతిలో పిల్లలు తలూపుతారు గానీ నమ్మరు. వాళ్లకు 1965 నాటి కథ చెప్పాలి. ఆ ఏడాది జులైలో అమెరికా పంపిన మారినర్ 4 నౌక అంగారకుడి పక్కనుంచి దూసుకుపోతూ ఫొటోలు తీసింది. ఒక గ్రహాన్ని దగ్గరికి వెళ్లి ఫొటో తీసి భూమికి పంపడం అదే మొదలు. ఫొటోకు 200 వరుసలు, వరుసకు 200 గడులు, ఒక్కో గడిలో 0 నుంచి 63 వరకు ఒక సంఖ్య. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఆ సంఖ్యలు కాగితపు పట్టీల మీద అచ్చై వస్తున్నాయి. కంప్యూటర్ వాటిని ఫొటోగా మార్చేదాకా ఇంజనీర్లు ఆగలేకపోయారు. పట్టీలను పక్కపక్కనే గోడకు అతికించి, ఏ సంఖ్యల మధ్య ఉంటే ఏ రంగో అనుకుని, పాస్టెల్ సుద్దలతో గడి గడికీ రంగు పూశారు. పూర్తయ్యేసరికి అంగారకుడి అంచు గోడమీద తేలింది. ఆ బొమ్మకు ఫ్రేము కట్టి లాబొరేటరీ డైరెక్టర్‌కు బహూకరించారు.

ఇదే కథలో ఎనిమిదో తరగతికి సరిపడా లెక్క ఒకటుంది. 0 నుంచి 63 దాకా రాయాలంటే గడికి ఆరు బిట్లు కావాలి. గడులు 40,000. అంటే ఒక ఫొటోకు 2,40,000 బిట్లు. నౌక సెకనుకు ఎనిమిదిన్నర బిట్లు కూడా పంపలేదు, ఎనిమిదీ ఒకటి బై మూడు మాత్రమే. భాగించి చూడండి: 28,800 సెకన్లు. సరిగ్గా ఎనిమిది గంటలు. ఆ ఇంజనీర్లకు సుద్దలు పట్టుకునేంత ఓపికా, తీరికా ఎక్కడివో ఇప్పుడు తెలుస్తుంది.

బిందె నిండిన తర్వాత

ఇక జరీ దగ్గరికి వద్దాం. బ్రైట్‌నెస్ పెంచడమంటే, సాదాసీదా పద్ధతిలో, ప్రతి గడిలోని సంఖ్యకూ ఒకే సంఖ్యను కలపడం. జరీలో పక్కపక్కనున్న మూడు గడులను తీసుకుందాం. దారాల సందులో నీడ 150, దారం 190, దారం మీద మెరుపు 230. ఎనభై కలిపితే 230, 270, 310 రావాలి. కానీ గడిలో 255కి మించి పట్టదు. యాప్ ఏం చేస్తుందంటే దాటినవాటన్నిటినీ 255గా రాసేస్తుంది. ఇప్పుడు గడుల్లో ఉన్నవి 230, 255, 255. సేవ్ అన్నారు. పాత సంఖ్యలు పోయాయి.

మళ్లీ తెరిచి ఎనభై తీసేస్తే 150, 175, 175 వస్తాయి. నీడ బతికి బయటపడింది. దారానికీ మెరుపుకూ మధ్య ఉండాల్సిన నలభై తేడా మాయమైంది. నేత కనబడేది ఆ తేడా వల్లే.

బిందె అంచుదాకా నిండాక ఇంకా పోసిన నీళ్లు నేలపాలే. తర్వాత పోసినన్ని చెంబులూ ముంచి తీసేస్తే మొదటి మట్టం రాదు. పైగా ముప్పాతిక నిండిన బిందెకూ, అంచుకు వేలెడు తక్కువగా ఉన్న బిందెకూ చివరికి తేడా తెలియదు, రెండూ ఒక్క మట్టానికే దిగుతాయి. ఎవరైనా ఆ మట్టం చూపించి "మొదట ఎంత ఉండేది?" అని అడిగితే చెప్పలేం.

ఇంటర్ మొదటి సంవత్సరం గణితంలో ఏళ్ల తరబడి పిల్లలకు స్వాగతం పలికిన అధ్యాయం ప్రమేయాలు. వేర్వేరు సంఖ్యలు వేర్వేరు ఫలితాలకే వెళ్తే అది అన్వేకం. అన్వేకం కాకపోతే విలోమం ఉండదు. నిర్వచనం కంఠతా వస్తుంది, మార్కులూ వస్తాయి. రెండు వేర్వేరు సంఖ్యలు ఒకే చోటికి చేరాక ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరన్న సంగతి మాత్రం అంటదు. దాన్ని తొమ్మిదో తరగతి పిల్లకు తెల్లబారిన జరీ చూపించి, ప్రమేయం అన్న మాట ఎత్తకుండానే చెప్పొచ్చు. నా ఉద్దేశంలో అలాగే చెప్పాలి.

పెట్టె: గళ్ల నోటుబుక్కులో చేసి చూడండి

కంప్యూటర్ అక్కర్లేదు, పెన్సిల్ చాలు. 0 అంటే చిక్కటి నలుపు, 7 అంటే ఖాళీ గడి, మధ్యలో ఆరు ఛాయలు అనుకోండి. 7 దాటితే 7 అనే రాయాలి, 0 కన్నా తగ్గితే 0 అనే రాయాలి.
ఒక వరుసలో 1, 2, 4, 5, 6, 7 రాసి రంగు వేయండి.
మూడు కలపండి: 4, 5, 7, 7, 7, 7.
మూడు తీసేయండి: 1, 2, 4, 4, 4, 4.
ఇప్పుడు మొదటి వరుసతోనే మొదలుపెట్టి, ముందు మూడు తీసి తర్వాత మూడు కలపండి. ఈసారి దెబ్బతినేది వెలుతురు వైపా, చీకటి వైపా? రంగు వేయకముందే ఊహించి చెప్పమనండి.

వాలు చేత్తో తిప్పితే

బ్రైట్‌నెస్ పక్కనే ఉండే బటన్ కాంట్రాస్ట్. ఇది కూడిక కాదు, గుణకారం. మధ్య ఛాయ 128ని కదలకుండా ఉంచి, దానికి ఇటూ అటూ ఉన్న దూరాలను సాగదీస్తుంది. కాంట్రాస్ట్ రెట్టింపు చేస్తే 118 కాస్తా 108 అవుతుంది, 138 కాస్తా 148 అవుతుంది. వాటి మధ్య ఇరవై ఉన్న తేడా నలభై అయింది. మంచులో తీసినట్టున్న ఫొటో తేటపడేది ఇందుకే.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా పాత సంఖ్య, నిలువుగా కొత్త సంఖ్య పెట్టి ఈ రెండు పనుల్నీ గీస్తే రెండూ సరళరేఖలే. బ్రైట్‌నెస్ రేఖను ఉన్నపళంగా పైకి జరుపుతుంది, కాంట్రాస్ట్ దాని వాలు మారుస్తుంది. రేఖీయ సమీకరణాల పాఠంలో వాలు, అంతరఖండం అని బోర్డు మీద రాసేవి ఇవే. బోర్డు మీద వాలు తప్పు రాస్తే ఎర్ర సిరా గీత పడుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఇక్కడ వాలును రుణసంఖ్య చేసి చూస్తే తెల్లచొక్కా నల్లబడుతుంది, జుట్టు నెరుస్తుంది. ఫొటో నెగెటివ్ అయిపోతుంది. గుర్తు మారితే ఏమవుతుందో పిల్లలు ఇక మరిచిపోరు.

ఫొటోషాప్, గింప్ లాంటి సాఫ్ట్‌వేర్లలో కర్వ్స్ అనే పరికరం ఉంటుంది. అది తెరిస్తే కనబడేది ఈ గ్రాఫే, మూలనుంచి మూలకు గీసిన రేఖతో. దాన్ని వేలితో లాగి వంచితే ఫొటో మారుతుంది. రేఖ నిటారుగా ఉన్నచోట ఫొటోలో తేడాలు పెరుగుతాయి, పడుకున్నచోట తగ్గిపోతాయి, పూర్తిగా అడ్డంగా పడుకుంటే అక్కడి ఛాయలన్నీ ఒకటైపోతాయి. జరీకి పట్టిన గతి అదే.

తిరిగొచ్చేవి, రానివి

నెగెటివ్ సంగతి చూడండి. 255 లోంచి ఉన్న సంఖ్యను తీసేయడమే ఆ పని. 190 ఉంటే 65 అవుతుంది. మళ్లీ అదే పని చేస్తే 65 కాస్తా 190 అవుతుంది. తనకు తానే విరుగుడు. అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చడమూ అంతే.

ఫొటోను తొంభై డిగ్రీలు తిప్పితే వరుసలు నిలువు వరుసలవుతాయి. గడులు చోటు మారతాయి గానీ సంఖ్య ఒక్కటీ మారదు. నాలుగుసార్లు తిప్పితే యథాస్థితి. (టీచర్లకు ఒక హెచ్చరిక: తరగతిలో వై అక్షం పైకి పోతుంది, తెర మీద కిందికి వస్తుంది. పాత టీవీలు బొమ్మను పై వరుసనుంచి కిందికి గీస్తూ వచ్చిన అలవాటది. ముందే చెప్పకపోతే నిరూపకాల పాఠం తలకిందులవుతుంది.)

అదే ఫొటోను పది డిగ్రీలు తిప్పి, మళ్లీ వెనక్కి పది డిగ్రీలు తిప్పండి. కాస్త మెత్తబడి వస్తుంది. ఎందుకంటే పది డిగ్రీలు తిప్పినప్పుడు పాత గడులు కొత్త గడుల్లో సరిగ్గా కూర్చోవు, సందుల్లో పడతాయి. అప్పుడు యాప్ చుట్టుపక్కల గడుల సంఖ్యల్ని దూరాన్నిబట్టి పాళ్లు వేసి కలుపుతుంది. 100 ఉన్న గడికీ 180 ఉన్న గడికీ మధ్య, మొదటిదానికి దగ్గరగా, 1:3 నిష్పత్తిలో పడిన బిందువుకు 120 ఇస్తుంది. పదో తరగతిలో విభజన సూత్రం చదివినవాళ్లు ఈ లెక్కను గుర్తుపడతారు. కలిపిన పాళ్లను మళ్లీ విడదీయడం యాప్‌కు చేతకాదు, వెనక్కి తిప్పేటప్పుడు ఇంకోసారి కలుపుతుంది.

ఉద్యోగ దరఖాస్తుకు "ఫొటో 50 కేబీ లోపు ఉండాలి" అంటే సైజు తగ్గిస్తాం కదా, అక్కడా ఇదే కథ. పొడవు, వెడల్పు రెండూ సగం చేస్తే గడులు సగం కావు, నాలుగో వంతుకు పడిపోతాయి. నాలుగు గడుల సగటు ఒక్క గడిలో చేరుతుంది. సగటు 5 అని తెలిసినంత మాత్రాన లోపలివి 4, 6లా, 1, 9లా ఎవరు చెప్పగలరు? సీసీటీవీలో నాలుగు గడుల్లో ఇరుక్కున్న బండి నంబరును సినిమా పోలీసు "జూమ్ చెయ్" అనగానే తేటగా రప్పించడం కథకే చెల్లింది. ఏఐ యాప్‌లు నిజంగానే తేట ముఖాన్ని గీసి చూపిస్తాయి, కానీ అది ఊహించి గీసినది. పోయిన సంఖ్యలు దొరికినట్టు కాదు. కోర్టులూ పత్రికలూ ఈ తేడా పట్టించుకోవాలి.

"మరి ఫోన్లో అన్‌డూ కొడితే అన్నీ తిరిగొస్తున్నాయి కదా?" అని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అన్‌డూ లెక్కను వెనక్కి తిప్పడం లేదు. పాత ఫొటోను పక్కన దాచుకుని, అడిగినప్పుడు తెచ్చి చూపిస్తోంది. గ్రూపులో వచ్చిన ఫొటో డౌన్‌లోడ్ చేసుకున్న పిన్ని దగ్గర ఆ దాచిన కాపీ ఉండదు.

దాచామనుకున్న నంబరు

కొన్నిసార్లు తిరిగి రాకూడదనే కోరుకుంటాం. అప్పుడే తంటా వస్తుంది.

ఆధార్ ఫొటో ఎవరికో పంపాలి. నంబరు కనబడకుండా ఫోన్లోని మార్కర్ పెన్నుతో నల్లగా రుద్ది పంపేస్తారు. ఆ పెన్ను హైలైటర్ రకమైతే రంగు కాస్త పారదర్శకంగా ఉంటుంది. అది గడిని నలుపు చేయదు, ఉన్న వెలుగును పదో వంతుకు తగ్గిస్తుంది అనుకుందాం. కాగితం తెలుపు 255 ఉన్నది 25 చిల్లర అవుతుంది, అంకె నలుపు 0 ఉన్నది 0 గానే ఉంటుంది. మన కంటికి రెండూ నలుపే. రెండోసారి రుద్దితే తెలుపు 3కి పడుతుంది. అయినా 3 వేరు, 0 వేరు. అందుకున్నవాడు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఎత్తేస్తే అంకెలు తేలతాయి. గుణకారానికి భాగహారం విరుగుడని ఆరో తరగతి పిల్లలకూ తెలుసు. వాడు చేసింది అదే.

పూర్తి నలుపు దీర్ఘచతురస్రాన్ని అడ్డం పెడితే కథ వేరు. కింద ఏమున్నా సరే ఫలితం 0. అన్ని సంఖ్యలూ ఒక్క చోటికే చేరాయి. దీనికి విరుగుడు లేదు. కాబట్టి పెన్ను కాదు, నిండు నలుపు డబ్బా వాడండి. కొత్త ఫొటోగా సేవ్ చేసి, ఆ కాపీనే పంపండి.

ఈ తేడా తెలియక పట్టుబడ్డ ఒక నేరస్థుడి ఉదంతం 2007లో ప్రపంచమంతా వార్తయింది. పిల్లలపై ఘోరాలు చేసిన ఒకడు తన ముఖాన్ని సుడి తిప్పినట్టు మెలేసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో వదిలాడు. గుర్తుపట్టే వీలు లేదనుకున్నాడు. కానీ సుడి తిప్పడమంటే గడులను కేంద్రం చుట్టూ తలా కొంత కోణంలో జరపడమే. చాలామటుకు చోటు మార్పు, నష్టం కొద్దిగానే. జర్మన్ పోలీసు నిపుణులు సుడిని వ్యతిరేక దిశలో తిప్పారు. తేలిన ముఖాన్ని ఇంటర్‌పోల్ అక్టోబరులో ప్రకటిస్తే, అదే నెలలో థాయ్‌లాండ్‌లో దొరికాడు.

పెట్టె: సగటు మోసపోయే చోటు

పాత ఫొటో స్కాన్ చేస్తే ఎక్కడో తెల్ల చుక్క పడింది. దాని చుట్టూ తొమ్మిది గడుల్లో సంఖ్యలివి:
82, 84, 81
83, 255, 80
85, 82, 83
మధ్య గడిని తొమ్మిదింటి సగటుతో మార్చితే దాదాపు 102 వస్తుంది. చుక్క మసకబారింది గానీ పోలేదు. పైగా చుట్టూ ఉన్న గడులకూ ఇదే వైద్యం చేస్తే మరక పక్కకు పాకుతుంది.
ఇప్పుడు తొమ్మిదింటినీ ఆరోహణ క్రమంలో పెట్టి అయిదోది తీసుకోండి. అదే మధ్యగతం: 83. చుక్క ఆనవాలు లేకుండా పోతుంది. ఒక్క విపరీత విలువ సగటును లాగేస్తుంది, మధ్యగతాన్ని కదపలేదు. సాఫ్ట్‌వేర్లలో మీడియన్ ఫిల్టర్ పేరుతో ఉండే పరికరం చేసే పని ఇంతే.

బడిలో ఎలా?

మొదటి ప్రమాదం ఇది కంప్యూటర్ క్లాసుగా మారిపోవడం. ఏ మెనూలో ఏ బటన్ ఉందో చెప్పడంతోనే పీరియడ్ అయిపోతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల ఐటీ పాఠాల్లో ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌కు ఎప్పటినుంచో చోటుంది. బొమ్మలు దిద్దడానికి అది మంచిదే. గణితం పీరియడ్లో మాత్రం ముందు అంకెలు కనబడాలి, బొమ్మ తర్వాత. అందుకు ఫొటో సాఫ్ట్‌వేర్ కన్నా లిబ్రే ఆఫీస్, ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీటే మేలు. ఇరవై వరుసలు, ఇరవై నిలువు వరుసల్లో సంఖ్యలు నింపి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో కలర్ స్కేల్ పెడితే గడులు వాటంతటవే రంగు పూసుకుంటాయి. పక్క షీటులో సూత్రం రాస్తే కొత్త బొమ్మ వస్తుంది. సూత్రం తప్పితే బొమ్మ తప్పుతుంది, టీచరు చెప్పక్కర్లేదు.

రెండో చిక్కు: నేటి ఫోన్లలో బ్రైట్‌నెస్ స్లైడర్ చాలావరకు సాదా కూడిక చేయదు. జరీ తెల్లబారకుండా వెలుతురు కొస దగ్గర రేఖను వంచుతుంది. ఫొటోషాప్ కూడా 2007లో వచ్చిన సీఎస్3 నుంచి అలా మారింది. పాత పద్ధతే కావాలనుకునేవారికి యూజ్ లెగసీ అని ఒక టిక్కు పెట్టెను మిగిల్చింది. కాబట్టి ఫోన్లో ప్రయోగం చేసి "మాస్టారూ, మీరన్నట్టు రాలేదు" అని ఏ పిల్లవాడో వస్తే కసురుకోకండి. "అయితే గీత ఎక్కడ వంగి ఉంటుందో గీసి చూపించు" అని అడగండి. నాకు తెలిసి అంతకన్నా మంచి హోంవర్క్ లేదు.

అన్ని పాఠాలకూ ఇది పనికిరాదు. త్రిభుజాల ఉపపత్తులు ఫొటోతో రావు, కరణీయ సంఖ్యలు గడుల్లో ఇమడవు. బలవంతంగా అతికించక్కర్లేదు.

ప్రశ్నపత్రాలు కూర్చే ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. సగటు, మధ్యగతం కనుక్కోమనే లెక్కలతోపాటు ఈసారి ఇలాంటిదొకటి ఇవ్వండి: "తొమ్మిది గడుల్లో ఒకదాన్ని చెరిపేశాం. మిగతా ఎనిమిదీ, తొమ్మిదింటి సగటూ ఇచ్చాం. చెరిపిన సంఖ్యను కనుక్కోగలమా? సగటుకు బదులు మధ్యగతం ఇస్తే ఎప్పుడూ కనుక్కోగలమా? ఎందుకు?" రెండు మార్కులు చాలు.